నాలుగో మైనస్

మా వీధి చివర జొన్నరొట్టెలు చేసి అమ్మే పెద్దమ్మను ఒక తమిళ సినిమాలో నుంచి తీసేయించింది నేనే. ఈ సంగతి మా ఆవిడకు తెలుసు, హైదరాబాదులో ఉండే మా ఎడిటరుకు తెలుసు. పెద్దమ్మకు మాత్రం తెలియదు. తెలియకుండా నేనే జాగ్రత్తపడ్డాను కాబట్టి తెలియదు. ఇన్నాళ్లూ ఆ జాగ్రత్తను మంచితనం అనుకుంటూ వచ్చాను. అది ఉత్త పిరికితనం.

నాది కర్నూల్లో చిన్న డీటీపీ అంగడి. పెళ్లిపత్రికలు, అర్జీలు, తప్పిపోయిన సర్టిఫికెట్లకు ప్రకటనలు, ఇవీ నా రోజువారీ రాతలు. వీటితో పాటు ఏడెనిమిదేళ్లుగా ఒక వెబ్‌సైటుకు సినిమా సమీక్షలు రాస్తున్నాను. సమీక్ష అనగానే పెద్దగా ఊహించుకోకండి. దానికొక అచ్చు ఉంది. కథ ఒక పేరా, ప్లస్ పాయింట్లు నాలుగు, మైనస్ పాయింట్లు నాలుగు, సాంకేతిక వర్గం గురించి రెండు వాక్యాలు, చివర తీర్పు, ఐదుకు ఇన్ని మార్కులు. సినిమా ఎంత బాగున్నా నాలుగు తప్పులు వెతకాలి, ఎంత చెత్తగా ఉన్నా నాలుగు మంచి మాటలు చెప్పాలి. పెద్ద హీరోల తెలుగు సినిమాలు హైదరాబాదు వాళ్లే పంచుకుంటారు. నా వాటాకు వచ్చేవి డబ్బింగు సినిమాలు. సమీక్ష కింద పేరు ఉండదు, సైటు పేరే ఉంటుంది. ఆ పేరు లేకపోవడమే తర్వాత నా పాలిట వరమైంది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. ముస్లింల ఇంటి మనిషి. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే. భర్త పరుపులు కుట్టేవాడు, ఆయన పోయాక ఇంటి ముందు రేకుల కింద రెండు పొయ్యిలు పెట్టుకుంది. సాయంత్రమైతే స్టీలు డబ్బాలు పట్టుకుని సగం వీధి ఆమె ముందు నిలబడుతుంది. మా ఇంట్లో ఆరు రొట్టెలు, ఒక గిన్నెడు శనక్కాయల కారం, ఏళ్ల తరబడి ఇదే రాత్రి భోజనం. మా ఆవిడ వంట గురించి ఇంతకంటే రాస్తే నాకే నష్టం.

రెండేళ్ల కిందట ఓర్వకల్లు రాళ్లగుట్టల్లో ఆ సినిమా షూటింగు జరిగింది. మద్రాసు నుంచి వచ్చినవాళ్లు రోజూ సాంబారన్నం తిని విసిగిపోయి, ఎవరో చెబితే మా పెద్దమ్మను పెనంతో సహా జీపులో ఎక్కించుకుపోయారు. రెండు రోజులు ఆమె గుట్టల నీడన కూర్చుని రొట్టెలు చేసింది. మూడో రోజు దర్శకుడు ఆమె ఎదురుగా కింద కూర్చుని, ఆమె రొట్టె తట్టడం చాలాసేపు చూశాడట. గుహలో ఉండే అవ్వ వేషం నువ్వే వెయ్యాలన్నాడట. మాటలు రాసివ్వలేదు. మూడు రోజులుగా తిండి లేని కుర్రోడు నీ గుహలోకి వస్తాడు, నువ్వైతే ఏం చేస్తావు, ఏమంటావు అని తెలుగు వచ్చిన ఒకడిని మధ్యలో పెట్టి అడిగించాడట. ఆమె రొట్టె చేసి కుర్రోడి చేతిలో పెట్టి, "ముందు తినప్పా, పేరు తర్వాత చెబుదువు" అంది.

ఆ మాట ఆమెది కాదు, వాళ్ల అక్కది. వాళ్లది కోసిగి పక్క పల్లె. అమ్మ చిన్నప్పుడే పోతే ఈమెను సాకి, పొయ్యి ముందు కూర్చోబెట్టి రొట్టె చేయడం నేర్పింది ఆ అక్కే. ఆ పల్లెల్లో వానల్లేని ఏడాది ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి, అంటే మూటా ముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికో, బెంగుళూరు వైపు మట్టిపనికో పోతాయి. దారిన పోయేవాళ్లు ఎవరొచ్చి గుమ్మంలో నిలబడినా వాళ్ల అక్క చేతిలో రొట్టె పెట్టి ఆ మాటే అనేదట. ఆకలైన మనిషిని ముందే ఊరూ పేరూ అడిగితే, చెప్పడానికి సిగ్గుపడి తినకుండా పోతాడని ఆమె లెక్క.

కాబట్టి ఆ సినిమా వస్తే అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చూడాలన్నది పెద్దమ్మ ఆశ. రెండేళ్లూ ఇదే మాట. డబ్బా అందించేటప్పుడల్లా ఏమప్పా, మన సినిమా ఎప్పుడొస్తాదంట అని నన్నడిగేది. సినిమా రాతగాణ్ని కాబట్టి నాకు అన్నీ ముందే తెలుస్తాయని ఆమె నమ్మకం. చివరికి ఒక శుక్రవారం విడుదలైంది. వాళ్ల అక్క మాత్రం సోమవారం గానీ రాలేనంది. కొడుకూ కోడలూ సుగ్గికి పోయి ఉన్నారు, ఇంట్లో ముగ్గురు మనవళ్లు, నాలుగు గొర్రెలు, వాటిని చూసుకునే మనిషి దొరకాలి. శుక్రవారమే పోయి చూసి రా పెద్దమ్మా, అక్కతో మళ్లీ చూద్దువులే అని నేనూ అన్నాను. అక్క లేకుండా ముందు తానొక్కతే చూస్తే మర్యాద కాదంది.

శుక్రవారం పొద్దున ఆటకు నేను పోయాను. హాల్లో ముప్పైమంది ఉంటారేమో.

కథ చెప్పాలంటే, వానలు పడని ఒక రాజ్యం. ఆ రాజ్యంలోని ఊటలన్నిటికీ ఒక మాంత్రికుడు తాళం వేసి, తాళంచెవిని ఏడు గుట్టల అవతల దాచేశాడు. ఒక కమ్మరి కుర్రోడు, మాట్లాడే ఉడుమును భుజాన వేసుకుని దానికోసం బయలుదేరతాడు. దీన్ని కల్పిత కథ అంటే మా జిల్లావాళ్లు నమ్మడం కష్టం. మాంత్రికుడి పేరొక్కటే కొత్త.

నిజం చెప్పాలంటే మొదటి సగం నాకు బాగా నచ్చింది. గుట్టలు కంప్యూటర్లో గీసినవి కావు, మన ఓర్వకల్లు రాళ్లే. వాటి మీద ఎండ పడితే కళ్లు చికిలించక తప్పలేదు. హీరో కత్తి తిప్పడు, కమ్మరి పని తెలిసినవాడు గనక ప్రతి ద్వారం దగ్గరా తాళాన్ని చెవికి ఆనించి విని, చేతిపనితో తెరుస్తాడు. సాహసం అంటే నరకడమే అనుకునే సినిమాల మధ్య ఇది ఎంతో హాయిగా ఉంది. దాహం వేసినట్టు నటించడం సులువు, దాహం వేసినట్టు ఉండటం కష్టం. ఆ కుర్రోడు రెండోది చేశాడు.

విశ్రాంతికి ముందు వస్తుంది పెద్దమ్మ సన్నివేశం. దాదాపు నాలుగు నిమిషాలు. సంగీతం లేదు. ఆమె వేడినీళ్లు పోసి పిండి కలుపుతుంది, ముద్ద చేస్తుంది, తడుతుంది. చేతి కింద రొట్టె తిరుగుతూ పెద్దదవుతుంది. పెనం మీద వేసి తడిగుడ్డతో తుడుస్తుంది. కుర్రోడు గోడకు ఆనుకుని చూస్తూ ఉంటాడు, మనమూ చూస్తూ ఉంటాం. రొట్టె కాలి పొంగేదాకా కెమెరా కదలదు. రోజూ చూసే పనే, అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. నా ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన పక్కవాడితో, ఆకలైతాందిరా అన్నాడు. ఒక సినిమాకు అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి? అప్పుడు ఆమె రొట్టె చేతిలో పెట్టి నోరు విప్పింది. కోస్తా గొంతు ఒకటి, "ముందు భోజనం చెయ్యి బాబూ, పరిచయాలు తరువాత" అంది. తెలుగు మనిషి తెలుగులో చెప్పిన మాటను తమిళం చేసి, ఆ తమిళాన్ని మళ్లీ తెలుగు చేసి ఆమె నోట్లోనే పెట్టారు. రొట్టె ఒక్కటి చేతికిచ్చి భోజనం చెయ్యమనడమేమిటని నాకు నవ్వొచ్చింది.

రెండో సగంలో సినిమా తడబడింది. ఉడుము గ్రాఫిక్స్ మరీ నాసిరకం, ఒక చోట పిల్లి అంత, ఇంకో చోట దూడ అంత కనిపిస్తుంది. మాంత్రికుడు నటించడం కంటే అరవడం ఎక్కువ. నీళ్లు లేక జనం పడిపోతున్న చోట నలభైమంది నాట్యగత్తెలతో పాట వచ్చింది. ఇవి మూడు మైనస్సులు. నాలుగోది కావాలి.

ఆట వదిలాక థియేటరు బయట స్కూటరు మీదే కూర్చుని ఫోన్లో టైపు చేయడం నా అలవాటు. మధ్యాహ్నం లోపల సైటులో పడకపోతే చదివేవాడుండడు. ప్లస్సుల్లో పెద్దమ్మ సన్నివేశమే మొదట రాశాను. రాసి కొట్టేశాను. అంతకుముందు నెలలోనే నంద్యాల కుర్రాళ్లు తీసిన ఒక చిన్న సినిమాను నేను మెచ్చుకుంటే, మీవైపు వాళ్లయితే చాలు నీకు కళ్లు కనపడవు అని ఎడిటరు ఫోన్లో ఎకసెక్కమాడాడు. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. మా వీధి మనిషిని నేను మెచ్చుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. నాకు తెలుస్తుంది కదా అనుకున్నాను. నేను నిక్కచ్చి మనిషినని నాకు నేను రుజువు చేసుకోవాలనిపించింది. పైగా నాలుగో మైనస్ ఇంకా ఖాళీగా ఉంది. అక్కడ రాశాను: "గుహలో రొట్టెల అవ్వ సన్నివేశం పూర్తిగా సాగదీత. ఒక రొట్టె కాలేదాకా ప్రేక్షకుణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. దీన్ని కత్తిరిస్తే సినిమాకు వేగం వస్తుంది."

రాసి, ఆ రెండో వాక్యం భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం గుర్తొస్తేనే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. రాయాల్సిన నాలుగో మైనస్ నా చెవిలోనే ఉంది. ఆ డబ్బింగు మాట. దాన్ని వదిలేసి, నాకు నచ్చినదాన్నే నచ్చలేదని రాశాను.

శనివారం సాయంత్రం ఎడిటరు ఫోన్ చేశాడు. గొంతులో పండగ. తెలుగు హక్కులు కొన్నవాళ్లు మన సమీక్ష చూశారట, పన్నెండు నిమిషాలు కత్తిరించారట, రొట్టెల సీను మొత్తం లేపేశారట. ‘మేం చెప్పాం, వాళ్లు చేశారు’ అని సైటులో పెద్ద అక్షరాలతో పెట్టబోతున్నానన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ అవ్వ మా వీధి మనిషి సార్, మళ్లీ పెట్టించే దారి ఏమైనా ఉందా అని అడిగాను. ఆయన, మీ మనిషని తెలిసి కూడా అట్లా రాశావంటే నువ్వు గట్టివాడివే అన్నాడు. అది మెచ్చుకోలో, తిట్టో నాకర్థం కాలేదు.

థియేటరు మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. ఇప్పుడు రీళ్లు లేవు, ఏది వస్తే అది వేయడమే, పాత కాపీ మా దగ్గర ఉండదు అన్నాడు ఆయన. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె నా ఫోను తీసుకుని సమీక్ష మొత్తం చదివి, ఫోను నా ముందు పెట్టి, "పోయి చెప్పేసి రా. సోమవారం దాకా ఆశ పెట్టుకోనియ్యగూడదు" అంది. చెబుదామనే పోయాను. నలుగురు డబ్బాలతో నిలబడి ఉన్నారు. పెద్దమ్మ నన్ను చూసి, వాళ్ల అక్క బస్సు ఎన్ని గంటలకు దిగేదీ చెప్పి, నువ్వూ మాతోపాటు రావల్లప్పా అంది. సరేనన్నాను. ఆరు రొట్టెలు తీసుకుని వచ్చేశాను.

సోమవారం మధ్యాహ్నం ఆటకు ముగ్గురం పోయాం. వాళ్ల అక్కకు డెబ్భై దాటి ఉంటాయి, సన్నగా, నిటారుగా ఉంది. థియేటరులో అడుగుపెట్టి పదిహేనేళ్లయిందంది. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, సినిమా గురించి తెలిసినవాణ్ని గనక అర్థం కానిది అడగొచ్చని. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పాత కాపీ పొరపాటున పడుతుందేమోనని ఒక వెర్రి ఆశ. కమ్మరి కుర్రోడు పెదాలు తడుపుకుంటూ గుట్ట ఎక్కుతుంటే పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడేనప్పా" అంది. కుర్రోడు గుహ ముందు నిలబడ్డాడు, తల వంచి చీకట్లోకి పోయాడు. మరుక్షణం ఎండలో గుట్ట దిగుతున్నాడు. చేతిలో సగం తిన్న రొట్టె ఉంది.

"నువ్వు యాడుండావే?" అని వాళ్ల అక్క నా మీదుగా వంగి అడిగింది.

పెద్దమ్మ తెర వైపు చేయి చూపి, "ఆ రొట్టె నాదే అక్కా" అంది.

తర్వాత రెండో సగం మొత్తం ఆమె ముందుకు వంగే కూర్చుంది. ఏమో, తర్వాత వస్తాదేమోనని నాతో అంది. రాదని నాకు తెలుసు, చెప్పలేదు. ఆఖర్న పేర్లు పడటం కూడా అయిపోయి, లైట్లు వెలిగి, ఊడ్చేవాళ్లు వచ్చినా ఆమె లేవలేదు. వాళ్ల అక్కే చేయి పట్టి లేపింది.

బయట మెట్ల మీద కూర్చున్నాం. పెద్దమ్మ నన్ను నేరుగా చూస్తూ, నువ్వు తొలి రోజే చూసినావు గదప్పా, నేనుంటినా అని అడిగింది. ఉన్నావు పెద్దమ్మా అన్నాను. అయితే మా అక్కకు చెప్పు, యెట్లుండాదో చెప్పు అంది. చెప్పాను. వేడినీళ్లు పోయడం దగ్గర్నుంచి రొట్టె పొంగడం దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాను, ముందు వరుస పెద్దాయనకు ఆకలైన సంగతీ చెప్పాను. డబ్బింగు మాట చెప్పలేదు. ‘ముందు తినప్పా, పేరు తర్వాత చెబుదువు’ అన్నావు పెద్దమ్మా అని చెప్పాను. వాళ్ల అక్క చెల్లెలి వైపు తిరిగి, "అది నా మాట గదే" అంది. పెద్దమ్మ తలూపింది. ఇద్దరూ కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. ఫోన్లో మూడు వాక్యాల్లో కొట్టిపారేసినదాన్ని అరగంట సేపు మెచ్చుకుంటూ చెప్పాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నా సమీక్షలోనిదే అబద్ధం.

"అంత బాగుంటే ఎందుకు తీసేసిరప్పా?" అని పెద్దమ్మ అడిగింది.

ఒప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. నోరు తెరిచాను కూడా. "సినిమా పొడుగెక్కువైందంట పెద్దమ్మా. ఆ సీను శానా సేపు ఉండాదని తీసేసినారు" అన్నాను. తీసేయమన్నది ఎవరో చెప్పలేదు.

ఆమె కాసేపు తన చేతులు చూసుకుంది. "నిజమేలే. నేను నిదానంగా చేస్తాంటి. ఇంకొంచెం బిరబిరా చేసింటే ఉంచిందురు" అంది. వాళ్ల అక్క కసిరింది. నేను నేర్పిందే అట్ల, పచ్చిది ఎట్ల పెడతావు ఆకలైనోనికి అంది. పెద్దమ్మ తలూపిందే గానీ, ఆ మాట ఆమెకు ఎక్కలేదని నాకు తెలిసిపోయింది. తప్పు ఆమెది కాదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అంటే మరి ఎవరిదని అడుగుతుంది. నేను లేచి ఆటో పిలవడానికి పోయాను.

సినిమా పదిరోజులు కూడా ఆడలేదు, కత్తిరించినా వేగం రాలేదు. ఇది జరిగి ఐదు నెలలు. ఎవరైనా సినిమా ఏమైందని అడిగితే, నా నిదానం వల్ల పోయిందప్పా అని పెద్దమ్మే నవ్వుతూ చెబుతుంది. డబ్బాలతో నిలబడ్డవాళ్లూ నవ్వుతారు. ఈమధ్య ఆమె రొట్టెలు పెనం మీద నుంచి ముందే తీసేస్తోంది. వీధిలో అందరూ గమనించారు. అంచులు బాగానే ఉంటాయి, మధ్యలో పచ్చి తగులుతుంది. ఆమెకు వయసైపోయింది, చేతి ఒడుపు పోయింది అంటున్నారు. మా ఆవిడ ఆ మాట అనదు, రొట్టె తుంచి మధ్యముక్క నా కంచంలో వేస్తుంది. నేను దాన్ని తినేస్తాను.